సగ్గుబియ్యం అమ్మవారు

ఇట్టా వచ్చి కుదురుగా కూచో బుజ్జమ్మా. గోడకి ఆనుకోబాకు, నిద్రొస్తుంది. చెప్పేదాన్ని నేను, రాసేదానివి నువ్వు, ఇద్దరిలో ఒకరన్నా మెలకువగా ఉండాలి గదా. నేను దగ్గింది, మోకాలు పట్టుకుని అబ్బా అన్నది రాయక్కర్లేదు. మిగతాదంతా నా నోట్లోంచి ఎట్టా వస్తే అట్టా రాసెయ్యి. పెద్దదాన్నయ్యాక మాట కూడా మోకాలి మాదిరే, ఒకసారి ఆగిందంటే మళ్ళీ లేవదు.

ఆ రోజుల్లో మా సముద్రపొడ్డు ఆడవాళ్ళకి అలసట ఉండేది గానీ, అలసిపోయామని చెప్పుకునే తీరిక ఉండేది కాదు. నీ ఫోను చూడు, నాలుగడుగులు నడిస్తే లెక్క చూపించి శభాష్ అంటుంది. మా అమ్మ చేతికి అలాంటిది కట్టి ఉంటే సాయంత్రానికి అదే ‘ఇంక నా వల్ల కాదు తల్లీ’ అని ఊడి పడిపోయేది. తెల్లవారకముందే రేవుకి పోయేది. పడవలు ఒడ్డుకి రాగానే చేపలు వేలంలో పాడుకుని, గంప నెత్తికెత్తుకుని, ఉప్పు పండించే కయ్యల పక్క కట్ట మీదుగా అల్లూరు దాకా నడిచేది. అక్కడ వీధి వీధీ తిరిగి అమ్మి, మిట్టమధ్యాహ్నం మళ్ళీ నడిచి వచ్చి, మిగిలిపోయిన చేపల్ని ఉప్పు పట్టించి ఇసుకలో ఆరేసేది. అవి కాకులు ఎత్తుకుపోకుండా చూసుకుంటూ వల అల్లేది. వల అల్లుతూ పొయ్యి ఊదేది. మా నాయన నేను పాలు మానేలోపే మద్రాసు హార్బరులో బోటుపనికని పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. (రాయి, పర్వాలేదు. ఇప్పుడు సిగ్గుపడేందుకు ఆయనా లేడు, సిగ్గుపడాల్సిన అవసరం మా అమ్మకి అప్పుడూ లేదు.) అందుకని ఇంట్లో మగపనీ ఆమెదే, ఆడపనీ ఆమెదే. నా పనల్లా ఆమె వెనక తిరుగుతూ ప్రశ్నలడగడం.

మా అమ్మ పడుకోగా నేను చూసింది తక్కువ, నిద్రపోగా చూసింది ఎక్కువ. అర్థం కాలేదా? ఆమె ఎక్కడ ఏ పని చేస్తూ ఉంటే అక్కడే నిద్రపోయేది. ముద్ద నోటి దాకా ఎత్తి, నోరు తెరిచి, అట్టాగే కళ్ళు మూసేది. ఒకసారి పడవలు వేటకి పోని రోజు పొద్దున నాకు జడ వేస్తూ రెండు పాయలు అల్లి, మూడో పాయ పట్టుకుని నిద్రపోయింది. నేను కదిలితే లేస్తుందేమోనని కదలకుండా కూచున్నా. బడి గంట కొట్టారు, పిల్లలు పోయారు, అయ్యవారు హాజరు కూడా పిలిచేసి ఉంటాడు. నేను మాత్రం జుట్టు అమ్మ పిడికిట్లో ఉంచి, మెడ వంచుకుని, కట్టేసిన మేకపిల్ల మాదిరి కూచునే ఉన్నా. నిద్రలో కూడా ఆమె నోరు ఆగేది కాదు. ‘మొప్పలెత్తి చూడమ్మా, ఎర్రగా ఉండాయా లేదా’ అని బేరం చేసేది. కలలో కూడా ఆమెకి మంచి గిరాకీ దొరికేది కాదేమో, మొహం చిట్లించుకునేది.

ఒకరోజు వల అల్లుతూ పక్కింటి అత్తతో అంది. ఈ అత్తని ఊరంతా రేడియో అత్త అనేవాళ్ళు. ఆమెకి చెప్తే దండోరా అక్కర్లేదు. “ఒక్క పగలు, వదినా. ఒక్క పగలు ఎవరూ లేపకుండా పడుకుంటే చాలు, ఈ నడుము మళ్ళా నాదవుతుంది,” అంది అమ్మ.

రేడియో అత్త వక్క కొరికి నవ్వింది. “మనకి పడుకునే యోగం యాడిదిమే? ఇంట్లో అమ్మవారు పోస్తే తప్ప! మా పెద్దోడికి ఆటలమ్మ పోసినప్పుడు తొమ్మిది రోజులు గడప దాటలా నేను. గంప ముట్టుకోకూడదు, చేప తేకూడదు, తాలింపు పెట్టకూడదు. ఊళ్ళోవాళ్ళే పెరుగన్నం తెచ్చి పెట్టినారు. ఆ తొమ్మిది రోజుల్లో నేనెంత లావెక్కినానో నీకు తెలవదా?”

ఇద్దరూ నవ్వుకుని లేచిపోయారు. నేను లేవలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వయసులో బుద్ధి పడవ మాదిరి ఉంటుంది బుజ్జమ్మా, నీళ్ళు కనపడితే చాలు దిగిపోతుంది, తిరిగి రావడం సంగతి తర్వాత.

ఆటలమ్మ పొక్కులు ఎట్టా ఉంటాయో నేను రేడియో అత్త కొడుకు ఒంటి మీద బాగా చూసి ఉన్నా. కింద ఎర్రగా, పైన నీటిబుడగ మాదిరి తెల్లగా, మిలమిలా. అంతకుముందు నెలలో నాకు జ్వరమొస్తే జావ కాచేందుకని అమ్మ సగ్గుబియ్యం తెచ్చి, మిగిలినవి బిస్కెట్ల రేకుడబ్బాలో పోసి అటక మీద పెట్టింది. మర్నాడు అమ్మ గంపెత్తుకుని పోగానే నేను గిన్నెలో సగ్గుబియ్యం నానేశా. పసుపులో రవ్వంత సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుంది గదా, దాంతో మెడ మీద, చేతుల మీద, బుగ్గల మీద చుక్కలు పెట్టుకున్నా. నానిన గింజలు గంజిలో ముంచి, ఒక్కో చుక్క మీద ఒక్కోటి అతికించా. అద్దంలో చూసుకుంటే నాకే భయమేసి, దణ్ణం పెట్టుకున్నా. తర్వాత బోర్లించిన పాత గంప ఎక్కి, గుమ్మానికి వేపమండ కట్టా. వేపమండ కడితే ఇంట్లోకి అమ్మవారు వచ్చినట్టు, ఎవరూ పనికి పిలవకూడదు. అంతే నా లెక్క. ఒక్క పగటి కోసం ఇదంతా.

ముందు చూసింది రేడియో అత్తే. గుమ్మంలో నిలబడి ఒక్క కేక పెట్టింది, ఆ కేకకి రేవులో ఉన్న పడవలు తిరిగి చూసి ఉంటాయి. కాసేపట్లో పసుపవ్వ వచ్చింది. ఊళ్ళో ఎవరికి అమ్మవారు పోసినా ఈ ముసలమ్మే వచ్చి చూడాలి. ఎప్పుడూ పసుపు వాసన వస్తూ ఉండేది కాబట్టి ఆ పేరు. రెండు కళ్ళకీ శుక్లాలు, అది నా అదృష్టం. నా ముందు మోకరిల్లి, “తల్లీ, చల్లగా వచ్చినావు, చల్లగా పో,” అని దణ్ణం పెట్టి, నన్ను వేపాకుల మీద పడుకోబెట్టింది. అంత పెద్దామె నాకు దణ్ణం పెడుతుంటే లేచి పారిపోదామా అనిపించింది. కానీ అమ్మవారు పోసిన బిడ్డంటే అమ్మవారే. తిట్టకూడదు, కసురుకోకూడదు, ఏం అడిగినా ఇవ్వాలి. (ఈ భాగం మాత్రం నాకు ఎంతో నచ్చింది.)

రేడియో అత్త చేతులు జోడించి దగ్గరికొచ్చింది. “అమ్మా తల్లీ, మా ఇంటాయన తాగుడు మానేస్తాడా?”

నేను గొంతు లావు చేసుకుని, “మానేస్తాడు,” అన్నా.

“ఎప్పుడు తల్లీ?”

ఇంత వివరం అడుగుతుందని నేననుకోలా. “బేస్తవారం,” అన్నా. (ఆ బేస్తవారం ఆయనకి జ్వరమొచ్చి ఆ ఒక్కరోజు తాగలేదు. శుక్రవారం రెండింతలు తాగాడు. అయినా అత్త చచ్చేదాకా నా మాట నిజమైందనే చెప్పుకుంది.)

మధ్యాహ్నమైంది. నేను వేపాకుల మీద పడుకుని, అమ్మ వచ్చి వేపమండ చూసి, ‘అబ్బా, ఇంక పడుకోవచ్చు’ అని సంతోషపడుతుందని ఎదురుచూస్తున్నా. నిజంగా అట్టాగే అనుకున్నా బుజ్జమ్మా. కిటికీలోంచి కట్ట కనపడేది. అమ్మ నడిచి వస్తోంది, గంప నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, ఎప్పటి మాదిరే నిద్రలో నడుస్తున్నట్టు. ఉన్నట్టుండి ఆగింది. గుమ్మానికి కట్టిన ఆకు అంత దూరం నుంచే చూసింది. గంప కింద పడింది. పడలేదు, పడేసింది. జీవితంలో ఎప్పుడూ చేప తోక కూడా కింద పడనివ్వని మనిషి, మిగిలిన కానాగంత చేపలన్నీ ఇసుకలో చిందిపోతుంటే తిరిగి చూడకుండా పరిగెత్తింది. కొంగు జారిపోయింది, జుట్టు ముడి ఊడిపోయింది. నోరు తెరిచే ఉంది గానీ కేక రాలేదు.

అమ్మ చెల్లెలు చిన్నప్పుడే పెద్దమ్మవారు, అదే మశూచి, పోసి చచ్చిపోయిందని నాకు తెలుసు. తెలిసి కూడా తోచలేదు. తొమ్మిదేళ్ళ బుర్రలో ఒక్క ఉపాయం పడితే ఇంకో దానికి చోటు ఉండదు. గడపలోకి వచ్చిన అమ్మ మొహం చూశాక, నేను ఆడింది ఆట కాదని అర్థమైంది. అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచా. చుట్టూ పసుపవ్వ, రేడియో అత్త, ఇంకా ఊళ్ళో సగం మంది. నోరు మూసేశా.

అమ్మ నా పక్కన కూలబడి నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. మెడ మీద వేసింది. అక్కడా చల్లగానే ఉంది. అప్పుడు నా చేతి మీద ఉన్న ఒక పొక్కుని బొటనవేలితో మెల్లగా నొక్కింది, చేప మెత్తబడిందో లేదో చూసేందుకు పొట్ట నొక్కినట్టు. ఆ పొక్కు ఊడి ఆమె వేలికి అంటుకుంది. వేలు దగ్గరగా పెట్టుకుని చూసింది. వాసన చూసింది. నన్ను చూసింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నా, దెబ్బ ఎటువైపు నుంచి పడుతుందో అని.

దెబ్బ పడలేదు. అమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. ఎంతసేపు బిగబట్టిందో ఏమో, ఆ ఊపిరి అయ్యేసరికి మనిషి సగమైనట్టు అనిపించింది. తర్వాత మెల్లగా చేతులు జోడించి, “తల్లీ,” అంది నాతో. ఆ ‘తల్లీ’లో ఏదో తేడా ఉందని నాకు అనిపించింది గానీ, నేను మోసం చెయ్యగలిగానన్న గర్వంలో పట్టించుకోలేదు. “అవ్వా, ఎవరినీ లోపలికి రానీబాకండి. బిడ్డకి చల్లదనం కావాల,” అంది. అందరూ పోయారు. తలుపు దగ్గరికి వేసి, కొంగు పరుచుకుని, నా పక్కనే పడుకుంది. రెండు చేతులూ తల కింద పెట్టుకుంది, ఎప్పుడూ చేతులకి పనిలేని మనిషి మాదిరి.

రెండు రోజులు నిద్రపోయింది. పొద్దునే లేచి నాకు పెరుగన్నం పెట్టి, తను కాస్త తిని, మళ్ళీ పడుకునేది. నేను చూస్తూ కూచున్నా. అదే నేను కోరుకుంది గదా, మా అమ్మ పగటిపూట పడుకుని ఉండగా ఆమె పక్కన కూచోడం. ఎంత బాగుంటుందో అనుకున్నా. ఎంత కష్టమో చెప్తా విను. ఆడుకోకూడదు, అమ్మవారు గంతులెయ్యకూడదు. గోక్కోకూడదు, గంజి ఎండి దురద పుట్టి చచ్చేదాన్ని. చీమలు పట్టేవి. ఎండిన గింజలు రాలిపోతే అమ్మ నిద్రపోతున్నప్పుడు మళ్ళీ నానేసి కొత్తవి అతికించుకోవాలి, ముందు ఎక్కడ పెట్టానో అక్కడే పెట్టాలి. పసుపవ్వకి చూపు మసకే అయినా లెక్క బాగా గుర్తుండేది. అన్నిటికన్నా పెద్ద కష్టం, చేప లేదు! మూడు పూటలా పెరుగన్నం, టెంకాయ నీళ్ళు. రెండో రోజు ఎదురింట్లో మామిడికాయ వేసి నెత్తళ్ళ పులుసు పెట్టారు. ఆ వాసనకి అమ్మవారికి కళ్ళనీళ్ళు వచ్చాయి. నేను ముక్కు ఎగబీల్చడం గుమ్మంలోంచి విని పసుపవ్వ, “తల్లి కరుణిస్తా ఉంది,” అంది.

మూడోరోజు మధ్యాహ్నం పసుపవ్వా రేడియో అత్తా పొక్కులు ఎట్టా ఉన్నాయో చూసేందుకు లోపలికి వచ్చారు. అమ్మ లేచి, మొహం కడుక్కుని, గోడ పక్కన నిలబడింది. మొహంలో కళ వచ్చింది, కళ్ళ కింద నలుపు తగ్గింది. నేను పడుకుని చూసుకుని మురిసిపోతున్నా. అప్పుడు రేడియో అత్త నల్లకోడిపెట్ట వాళ్ళ వెనకే లోపలికి వచ్చింది. నేల మీద రాలిన గింజ ఒకటి తింది. ఇంకోటి తింది. అట్టా ఒక్కొక్కటీ ఏరుకుంటూ నా పక్కకి వచ్చి, తల పక్కకి వంచి నా చేతిని చూసి, టక్కున ఒక పొక్కు పొడుచుకుని మింగేసింది.

కోడి ఇంకోటి మింగింది. రేడియో అత్త నోరు తెరిచింది. ఆ నోరు మూసుకునేలోపు సంగతి అల్లూరు దాకా పోతుందని నాకు తెలుసు. అమ్మవారి పేరు పెట్టి నాటకమాడామని ఊరంతా అనుకుంటే ఇంక మా గంపలో చేప ఎవరు ముట్టుకుంటారు? మూడు రోజుల నిద్రకి మా అమ్మ బతుకే పోతుంది. నేను అమ్మ వైపు చూశా.

మా అమ్మ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. నిన్నటి చేపని ఈరోజుదని చెప్పే మనిషి కాదు. ఆ మనిషి రెండు చేతులూ ఎత్తి జోడించి, “చూస్తా ఉండారా అవ్వా! తల్లి తన కోడిని తానే పిలిపించుకోని దిగిపోతా ఉంది!” అంది.

పసుపవ్వ ధడాలున కోడి కాళ్ళ మీద పడింది. కోడి బెదిరి ఎగిరి నా పొట్ట మీదెక్కి, మెడ మీది పొక్కులు మొదలెట్టింది. నాకు చక్కిలిగింతలు. బిగబట్టుకుని బిగబట్టుకుని చివరికి కిసుక్కున నవ్వేశా. “తల్లి నవ్వతా ఉంది!” అని అరిచింది పసుపవ్వ.

“అవ్వా, అది నా కోడి గదా,” అంది రేడియో అత్త నీరసంగా. “ఆదివారానికని పెంచతా ఉండా.”

“నిన్నటి దాకా నీది. ఇప్పట్నించి అమ్మవారిది. దాని మీద కత్తి పెట్టినావంటే చూసుకో!” అంది అవ్వ. ఆ కోడి ముసలిదై, గుడ్లు మాని, కాళ్ళు పడిపోయే దాకా బతికింది. ఊళ్ళో ఎవరింట్లోకైనా పోయి గింజలు తినేది, ఎవరూ అదిలించేవాళ్ళు కాదు. మా అబద్ధంతో సుఖపడింది అదొక్కటే.

సాయంత్రం వేపాకు పసుపు వేసి కాచిన నీళ్ళతో అమ్మ నాకు తలకి పోసింది. ఒళ్ళు రుద్దింది చూడు, ఆ రుద్దుడులో మూడు రోజుల తిట్లన్నీ ఉన్నాయి. పారాణి వదిలింది, దాంతోపాటు కాస్త తోలు కూడా వదిలింది. రుద్దుతూ రుద్దుతూ మెల్లగా అడిగింది. “డబ్బాలో సగ్గుబియ్యం ఇంకా ఉండాయా?”

“ఉండాయి,” అన్నా.

“పారేయబాకు. దాచిపెట్టు.”

నేను ధైర్యం తెచ్చుకుని, “నీకెప్పుడు తెలిసిందిమా?” అన్నా.

“చేప మొప్పలెత్తి చూసి బతికేదాన్ని. నాకు తెలవదా?”

“మరి అప్పుడే ఎందుకు కొట్టలా?”

అమ్మ చెంబు పట్టుకుని ఆలోచించింది. పెద్ద జవాబేదో వస్తుందనుకున్నా. “నిద్దరొచ్చిందే,” అంది.

ఇంకో చెంబు నా నెత్తిన గుమ్మరించి, కొంగుతో తల తుడుస్తూ, మొహం నాకు కనపడకుండా అంది. “ఇంకోసారి గుమ్మానికి మండ కట్టాలనిపిస్తే, ముందు కట్ట మీదకి ఎదురొచ్చి చెప్పు. అంత దూరం నుంచి దాన్ని చూసి నేను పరిగెత్తలేను.”

మర్నాడు తెల్లవారకముందే గంపెత్తుకుని పోయింది. ఆ డబ్బా మాత్రం అటక మీదే ఉండిపోయింది. పాయసం కాచమని నేను ఎన్నిసార్లు అడిగినా కాచలేదు. ఏటికొకసారి దింపి, పురుగు పట్టిందేమో చూసి, ఎండలో పోసి, మళ్ళీ పైన పెట్టేది. దింపినప్పుడల్లా నా వైపు ఒకసారి చూసేది. ‘ఇప్పుడు కావాలమ్మా’ అంటుందేమోనని నేను ఎదురుచూసేదాన్ని. ఒక్కసారి కూడా అనలేదు. నేనూ మళ్ళీ మండ కట్టలేదు. కట్ట మీద ఆ గంప పడిపోవడం చూశాక ఇంక నాకు చేతులాడలేదు. అట్టా ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఊరుకుండిపోయాం, మా అమ్మకి మాత్రం ఇంకో పగటి నిద్ర దొరకలేదు.

ఇప్పుడు నన్ను చూడు. పొద్దంతా మంచం నాదే, ఎవరూ లేపరు, నిద్రే రాదు. నిద్రపోవాల్సింది మీ అమ్మ, నా కూతురు. మీ నాన్న చనిపోయినప్పట్నించి ఆ రొయ్యల కంపెనీ వ్యాను కూత పెడితే చాలు, చేతిలో ముద్ద చేతిలో ఉండగానే పనికి పరిగెత్తుతుంది. నిన్న సాయంత్రం దోసె మాడిన వాసనొస్తే పోయి చూశా. అట్లకాడ పట్టుకుని, పొయ్యి ముందు నిలబడే నిద్రపోతోంది. నోట్లో ఏదో గొణుక్కుంటోంది కూడా. మొహం చూస్తే అచ్చం మా అమ్మే, జడ పాయ చేతిలో పట్టుకుని కూచున్నప్పటి మాదిరి. ఈ కాలంలో గుమ్మానికి వేపమండ కడితే వ్యాను ఆగుతుందా, డాక్టరు చీటీ తెమ్మంటారు. ఆ మాత్రం నాకు తెలుసు. అయినా ఇంత ముసలిదాన్నై కూడా నా బుర్ర ఆ తొమ్మిదేళ్ళ దగ్గరే కూచుని ఉంది చూడు. పొద్దున అంగడికి పోయి పెసరపప్పు అడగబోయి, పావుకిలో సగ్గుబియ్యం ఇవ్వమన్నా. ‘పాయసానికా పెద్దమ్మా’ అన్నాడు అంగడాయన. ఊ అన్నా. (ఇది రాయబాకు.) ఏదీ, నీ చెయ్యి ఇట్టా చాపు. ఊరికేలే, ఎన్ని పడతాయో చూద్దామని. కట్ట మీద దాకా రానివ్వంలే, ముందే చెవిలో చెప్పేద్దాం. రేపు తెల్లారి మీ అమ్మ లేవకముందే మనిద్దరం మెల్లగా గిన్నెలో సగ్గుబియ్యం పోసి…

“అమ్మా! ఇంకా ఏం మాటలు మీకు? అన్నం చల్లారిపోతా ఉంది, బిడ్డని తీసుకోని రా!”